పడమటి కిటికీ: ఒక వేసవి పని డైరీ

మార్చి 2

పక్క ఖాళీ స్థలంలో ఉన్న వేపచెట్టును సంక్రాంతి తర్వాత కొట్టేశారు. ఓనరు చెన్నైలో ఉంటారు, కాంపౌండు గోడ కట్టుకోవడానికి చెట్టు అడ్డమొచ్చింది. వాళ్ల స్థలం, వాళ్ల చెట్టు. కొట్టేటప్పుడు నాకు ఎండ సంగతి తోచలేదు. ఫిబ్రవరి ఆఖరుకి తెలిసొచ్చింది.

తిరుపతి కొర్లగుంటలో నాయన 1994లో కట్టించిన ఇల్లు ఇది. కింది పోర్షన్‌లో పడమటి గది అమ్మది. ఇన్నేళ్లూ ఆ గదికి కాపు కాసింది ఆ వేపచెట్టే. ఇప్పుడు మూడింటికి కిటికీలో అడుగు పెట్టిన ఎండ ఆరింటి దాకా మంచం దిగడం లేదు. అమ్మకు డెబ్బై రెండేళ్లు. భోంచేశాక గంటసేపు నడుం వాల్చడం ఆమె అలవాటు. నిన్న హాల్లో చాప వేసుకుని పడుకుంది. "ఆ గదిలో పొయ్యి ముందర కూసున్నట్టుంది రా" అంది.

గదిలో ఒక టన్ను ఏసీ ఉంది. 24 మీద పెట్టి రెండింటికే వేస్తున్నాం. గాలి చల్లగానే తగులుతుంది, కిటికీ వైపున్న చెంప మాత్రం కాలుతూనే ఉంటుంది. పైన మేడ ఉంది కాబట్టి కప్పు నుంచి వేడి దిగదు. మిగిలింది పడమటి గోడ, దానిలోని మూడు రెక్కల కిటికీ. ఆరడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తు.

ఇంట్లో మొత్తం ఏడు కిటికీలు. అన్నీ మార్చేద్దామా అన్న ఆలోచనతో ఈ నోటు పుస్తకం మొదలుపెట్టాను.

మార్చి 9

ముందు ఉన్నవాటిని పరీక్ష చేశాను. గది తలుపులు మూసి, ఏసీ వేసి, అగరుబత్తి వెలిగించి కిటికీ అంచుల వెంట మెల్లగా తిప్పాను. గాలి చొరబడే చోట పొగ వణుకుతుంది. పడమటి కిటికీలో నడిమి రెక్క ఒంగిపోయి, పై మూలన చిన్న వేలు దూరేంత సందుంది. పొగ అక్కడ నిలవనే లేదు.

ఆ తర్వాత స్క్రూడ్రైవరుతో ప్రతి చట్రం అడుగునా గుచ్చి చూశాను. టేకు ఎక్కడా దిగనివ్వలేదు. వంటింటి పక్కన ఉత్తరం కిటికీ చట్రం ఒక్కటే వేప చెక్క. దాని అడుగు కమ్మీలోకి స్క్రూడ్రైవరు మెత్తగా దిగిపోయింది. లోపలంతా చెద. పైన పెయింటు మాత్రం చెక్కుచెదరలేదు.

తూర్పున రెండు, దక్షిణాన రెండు, ఉత్తరాన రెండు, పడమట ఒకటి. నిజంగా పాడైంది ఒకటే, ఒంగింది ఒకటే.

మార్చి 16

రెండు వారాల్లో ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకున్నాను.

మొదటాయన ఏడింటికీ డబుల్ గ్లాస్ యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ చట్రం) వేయాలన్నారు. చదరపు అడుగు 1,150 రూపాయలు, పన్ను 18 శాతం అదనం. "రెండద్దాల మధ్య గాలి ఉంటుంది సార్, వేడి లోపలికి రానే రాదు" అన్నారు. రెండో ఆయన మామూలు అద్దంతో స్లైడింగ్ పెట్టి, లోపల సన్ ఫిల్మ్ అంటిస్తామన్నారు. మూడో ఆయన ఇంటికే వచ్చి, కిటికీ చూడకముందు బయటికి పోయి ఆకాశం వైపు చూశాడు. "అన్నా, ఈ ఎండను అద్దం తగలకముందే ఆపల్ల. అద్దం దాటినాక ఏం చేసినా లాభం ల్యా" అన్నాడు. తర్వాతే టేపు తీశాడు. చదరపు అడుగు 650 చెప్పాడు, ఐదు మిల్లీమీటర్ల టఫెన్డ్ (గట్టిపరిచిన) అద్దంతో.

ముగ్గురినీ అడిగింది ఒకటే: అద్దం తయారుచేసిన కంపెనీ కాగితం ఇవ్వండి, దాని మీద ఎస్‌హెచ్‌జీసీ అంకె ఉండాలి. మీద పడిన ఎండ వేడిలో ఎన్నో వంతు లోపలికి వస్తుందో చెప్పేది ఆ అంకె. 0.80 అంటే వందలో ఎనభై పాళ్లు వచ్చేసినట్టు. దానితోపాటు యూ వాల్యూ అని ఇంకో అంకె ఉంటుంది. అది బయటికీ లోపలికీ ఉన్న ఉష్ణోగ్రత తేడాలో ఒక్కో డిగ్రీకి చదరపు మీటరు అద్దం గుండా పారే వేడి. కాగితం తెచ్చిచ్చింది మూడో ఆయన ఒక్కడే.

ఫిల్మ్ వద్దనుకున్నాను. చాలా రకాల ఫిల్మ్‌లు వేడిని పీల్చి అద్దంలోనే ఉంచుతాయి. మా పాత అద్దాలు టఫెన్డ్ కావు. సగం నీడలో, సగం ఎండలో ఉండే మామూలు అద్దం అలా వేడెక్కితే పగిలే ప్రమాదం ఉంది.

మార్చి 22, రాత్రి

ఈ రాత్రి వేసిన లెక్కతో నా ఆలోచన మొత్తం తిరగబడింది. వివరంగా రాసుకుంటున్నాను.

కిటికీలో చట్రం పోగా అద్దం దాదాపు రెండు చదరపు మీటర్లు. సాయంత్రం నాలుగింటప్పుడు నిలువు గోడ మీద పడే పడమటి ఎండను చదరపు మీటరుకు 500 వాట్లుగా గుండుగుత్తగా తీసుకున్నాను. బయట 40 డిగ్రీలు, లోపల 28 అనుకున్నాను.

మామూలు ఒంటి అద్దానికి ఎస్‌హెచ్‌జీసీ 0.82. ఎండ నుంచే 820 వాట్లు లోపలికి. ఉష్ణోగ్రత తేడా వల్ల వచ్చేది, యూ వాల్యూ 5.7తో లెక్కిస్తే, 137 వాట్లు. మొత్తం 957. ఒక టన్ను ఏసీ సామర్థ్యం దాదాపు 3,500 వాట్లు. అంటే ఏసీ శక్తిలో పావు భాగానికి పైగా ఈ ఒక్క కిటికీకే సరిపోతోంది.

మామూలు అద్దాలతో చేసిన డబుల్ గ్లాస్ వేస్తే? యూ వాల్యూ సగానికి, 2.8కి పడుతుంది. 137 కాస్తా 67 అవుతుంది. ఎస్‌హెచ్‌జీసీ మాత్రం 0.70 దగ్గరే ఆగుతుంది, కాబట్టి ఎండ 700 వాట్లు వస్తూనే ఉంటుంది. మొత్తం 767. దాదాపు రెట్టింపు ధర పెట్టి ఆపగలిగింది 190 వాట్లు.

ఎండను తిప్పికొట్టే పూత ఉన్న ఒంటి అద్దం, ఎస్‌హెచ్‌జీసీ 0.45 ఉన్నది వేస్తే ఎండ 450, మిగతా 137. మొత్తం 587.

ఇక అద్దాన్ని మార్చకుండా బయటే ఏదైనా కట్టి ఎండలో ముప్పాతిక ఆపితే ఎండ 205, మిగతా 137. మొత్తం 342.

రెండుసార్లు లెక్క చూసుకున్నాను. డబుల్ గ్లాస్ చెడ్డదని కాదు. బయట మంచు కురుస్తూ లోపల హీటరు వెలిగే ఊళ్లలో అసలు శత్రువు ఉష్ణోగ్రత తేడా, అక్కడ యూ వాల్యూయే ముఖ్యం. మనకు బయటికీ లోపలికీ తేడా పది, పన్నెండు డిగ్రీలు. మన శత్రువు నేరుగా పడే ఎండ. డబుల్ గ్లాస్‌లోనూ ఎండను ఆపే లో-ఈ పూత ఉన్నది తీసుకుంటే లెక్క మారుతుంది. అయితే ఆ పూతల్లో చాలావాటిని గాలి తగలకుండా రెండద్దాల మధ్య, బయటి అద్దం లోపలి ముఖాన ఉంచాలి. అంత ఖర్చు ఒక్క గదికి పెట్టలేను.

మూడో ఆయన ఆకాశం వైపు ఎందుకు చూశాడో ఈ లెక్క చూశాక అర్థమైంది.

మార్చి 30

లెక్కను నమ్మే ముందు పరీక్ష. నర్సరీలకు వేసే పచ్చని షేడ్ నెట్, 75 శాతం ఆపేది కొని సన్‌షేడు అంచు నుంచి కిందికి దించి కట్టాను. నిన్న నెట్ లేకుండా, ఈ రోజు నెట్‌తో. రెండు రోజులూ మబ్బు లేదు, నీడలో 38 డిగ్రీలు. ఏసీ వేయలేదు, కిటికీ మూసే ఉంచాను.

నిన్న సాయంత్రం నాలుగింటికి అద్దం లోపలి ముఖం 44, నేల మీద ఎండ పడిన చోట 47, గది గాలి 36.
ఈ రోజు అదే వేళకు అద్దం 38, నేల 35, గది 34.

అంకెల కన్నా అమ్మ మాట నాకు ముఖ్యం. మూడింటికి తన మంచం మీదే పడుకుని నాలుగున్నరకు లేచింది. "చెట్టు మళ్లీ వచ్చినట్టుంది" అంది. నాకు నోట మాట రాలేదు.

ఏప్రిల్ 6

ఏ దిక్కుకు ఏం కావాలో ఇప్పుడు తేల్చాలి. తిరుపతి అక్షాంశం దాదాపు 13.6 డిగ్రీలు. ఏప్రిల్ చివర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మధ్య వరకు మధ్యాహ్నం కూడా శేషాచలం కొండల వైపే, అంటే ఉత్తరానికి వాలి ఉంటాడు. కాబట్టి మండువేసవిలో మా దక్షిణం కిటికీల మీద ఎండే పడదు. వాటిని మార్చడానికి ఒక్క కారణమూ కనిపించలేదు. ఉత్తరం కిటికీలను ఎప్పుడూ నీడలో ఉండేవని అనుకునేవాణ్ని. మే, జూన్‌లలో సాయంత్రం వాయవ్యం నుంచి ఎండ వాటిలోకి ఏటవాలుగా వస్తుంది. నడినెత్తి ఎండకు సన్‌షేడు చాలు. పడమట వాలిన ఎండ సన్‌షేడు కిందుగా దూరి వస్తుంది, దానికి ఎంత పొడుగు సన్‌షేడైనా చాలదు.

తూర్పు కిటికీలకు ఉదయం ఎండ, అప్పటికి గాలి ఇంకా చల్లగా ఉంటుంది. ఆ టేకు రెక్కలను చిత్రిక పట్టించి రబ్బరు బీడింగ్ వేయిస్తే సరిపోతుంది.

కాబట్టి ఏడు కాదు, రెండే మారుస్తున్నాం. పడమటిది, చెద తిన్న ఉత్తరంది. ముప్పై ఏళ్ల టేకును పీకి పారేయకుండా బయటపడ్డందుకు నాకెంతో తృప్తిగా ఉంది. నాయన ఒక్కో దూలం తట్టి చూసి ఏరుకొచ్చిన చెక్క అది.

ఏప్రిల్ 10

స్లైడింగా, తెరుచుకునే రెక్కలా? స్లైడింగ్ చవక, చోటు తినదు. కానీ రెండు పట్టాల స్లైడింగ్‌లో ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. అంచులకు కుచ్చుబ్రష్షు ఉంటుంది, దుమ్ము దూరుతుంది. రెక్కల కిటికీ మూసినప్పుడు రబ్బరు గాస్కెట్ మీద నొక్కుకుని బిగుస్తుంది, తీసినప్పుడు దాదాపు మొత్తం తెరుచుకుంటుంది. రాత్రి ఎనిమిది దాటాక కొండ వైపు నుంచి గాలి తిరిగే ఊరు మనది. ఆ గాలిని సగం ఆపుకోవడం ఎందుకు?

కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో (కరెంటు పొదుపు అయ్యేలా ఇళ్లు కట్టే నియమావళి) దీనికి ఒక కొలత ఉంది. ఉక్కపోత ప్రాంతాల ఇళ్లలో తెరుచుకునే భాగం నేల విస్తీర్ణంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలి. అది ఇల్లు మొత్తానికి చెప్పిన నియమం. నేను ఈ గదికి కొలబద్దగా వాడుకున్నాను. గది 132 చదరపు అడుగులు, ఆరో వంతు 22. స్లైడింగ్ అయితే పదమూడున్నర వస్తుంది, రెక్కలైతే చట్రం పోను 22 దాటుతుంది. రెక్కలే.

అద్దం రంగు ఎంచుకోవడం అమ్మకు వదిలేశాను. మూడు ముక్కలు తెచ్చి కిటికీ దగ్గర పట్టుకుని, సూదిలో దారం ఎక్కించమన్నాను. బాగా ముదురు రిఫ్లెక్టివ్ ముక్క వెనక ఆమెకు సూది బెజ్జం కనిపించలేదు. అది వేడిని అన్నిటికన్నా బాగా ఆపుతుంది, కానీ పగలే లైటు వేసుకోవాల్సి వస్తుంది. సాయంత్రం ఆ కిటికీ దగ్గరే కూర్చుని ఆమె సన్నజాజులు కడుతుంది. వెలుతురులో సగానికి దగ్గరగా లోపలికి వదిలే 0.45 ముక్కతో ఒక్కసారికే దారం ఎక్కింది. అదే ఆర్డరు ఇచ్చాను.

ఏప్రిల్ 13

గ్రిల్ సమస్య. కొండ కింద ఊరు, కోతులు వస్తాయి. గ్రిల్ లేని కిటికీ ఇక్కడ కుదరదు. దోమల మెష్ కూడా కావాలి. రెక్కలు బయటికి, వాటి వెనక గ్రిల్, గ్రిల్ వెనక గదిలోకి తెరుచుకునే మెష్ రెక్కలు అని వరస నిర్ణయించాం. గ్రిల్ సందుల్లోంచి చెయ్యి పెట్టి హ్యాండిల్ తిప్పగలగాలి. అమ్మ చేతిని సందులో పెట్టించి చూసి, హ్యాండిల్ ఎత్తు నాలుగంగుళాలు దించమని చెప్పాను.

ఇంకోటి తట్టింది. బయట తెర కడితే రెండడుగుల రెక్కలు తెరుచుకునేటప్పుడు దానికి కొట్టుకుంటాయి. మా సన్‌షేడు కూడా సరిగ్గా రెండడుగులే. అందుకని సన్‌షేడు అంచుకు ఇనుప యాంగిల్ ముక్కలు బిగించి తెరను ఇంకో ఆరంగుళాలు ముందుకు జరిపి వేలాడదీస్తాం. తెరకూ అద్దానికీ మధ్య అంత ఖాళీ ఉంటే అక్కడ వేడెక్కిన గాలి పైకి లేచి పోతుంది. అదీ మంచిదే.

తెర వెదురు బద్దలది. మేదర పని చేసే ఒక పెద్దాయన దగ్గర చెప్పాను. "ఎండకు కట్టేదైతే బద్ద దగ్గర దగ్గరగా అల్లల్ల, వానకైతే నూనె పట్టియ్యల్ల. నీకు రెండూ కావల్ల కదా నాయనా" అన్నాడు. 2,800 రూపాయలు.

మే 3

పడమటి కిటికీ బిగించారు. బిగించే ముందు చూసుకున్నవి రాస్తున్నాను.

అయస్కాంతం పెట్టి చట్రం పొడవునా జరిపాను. యూపీవీసీ లోపల ఇనుప పట్టీ ఉన్న చోటే అది అంటుకుంటుంది. పట్టీ లేకపోతే ఇంత పొడుగు చట్రం ఎండకు ఒంగుతుంది. నాలుగు వైపులా అంటుకుంది. అద్దం మీది స్టిక్కర్ చూసి పూత గది వైపు ఉందని తేల్చుకున్నాను, కంపెనీ కాగితంలో అలాగే ఉంది. గోడకూ చట్రానికీ మధ్య ఫోమ్ నింపి, బయట సిలికాన్ పూశారు. కింది గట్టు బయటికి వాలుగా ఉందని రసమట్టం పెట్టి చూశాం.

మేస్త్రీ పూత పనిలో చట్రం అడుగున నీళ్లు పోయే బెజ్జాలు సిమెంటుతో మూసుకుపోయాయి. ఆరకముందే చూశాం కాబట్టి సన్నని తీగతో పొడిచి తెరిచాం. తర్వాత రెండు బకెట్ల నీళ్లు అద్దం మీద కొట్టించాను. నీళ్లు బెజ్జాల నుంచి బయటికే వచ్చాయి. ఈ విషయంలో నేను మొండిగా ఉన్నాను. 2021 నవంబరు వానల్లో ఊరంతా నీళ్లు నిలిచినప్పుడు మా తూర్పు కిటికీ గట్టు మీదుగా నీళ్లు దిగి బీరువా అడుగు నానిపోయింది. నాయన కాగితాలు కొన్ని పోయాయి.

మే 4

ఉత్తరం కిటికీ పట్టలేదు. చట్రం ఓపెనింగ్ కన్నా పన్నెండు మిల్లీమీటర్లు వెడల్పు వచ్చింది. కొలతకు వచ్చిన కుర్రాడు పైన ఒక్కచోటే టేపు పెట్టాడు. పాత గోడ, అడుగున లోపలికి వచ్చింది. గోడ చెక్కుదామంటే పక్కనే కరెంటు పైపు. అద్దాన్ని తగ్గిద్దామంటే టఫెన్డ్ అద్దాన్ని ఒకసారి గట్టిపరిచాక కోయలేరు, కోస్తే మొత్తం రవ్వలైపోతుంది. చట్రం, అద్దం రెండూ మళ్లీ చేయాల్సిందే.

నాకు చాలా కోపం వచ్చింది. కొలిచినప్పుడు నేను పక్కనే ఉన్నాను, రెండోచోట కొలవమని అడిగి ఉండాల్సింది. వెడల్పు మూడుచోట్ల, ఎత్తు మూడుచోట్ల, రెండు మూలకొలతలు తీయాలి. అన్నిట్లోకి చిన్నది పట్టుకుని చుట్టూ ఐదేసి మిల్లీమీటర్లు వదలాలి. ఇది చదివి కిటికీ చేయించుకునేవాళ్లు ఈ ఒక్క మాట మరిచిపోవద్దు. వాళ్లు తప్పు ఒప్పుకుని ఖర్చు భరించారు. వంటింటి పక్క ఓపెనింగ్‌కు ప్లైవుడ్ కొట్టాం.

మే 17

గంగమ్మ జాతర వారమంతా ఒక్క పనివాడూ దొరకలేదు, అడగనూ లేదు. ప్లైవుడ్ అలాగే ఉంది. వంటింట్లో ఉక్క.

మే 22

ఉత్తరం కిటికీ వచ్చింది, పట్టింది.

మే 29

రోహిణి కార్తె. సాయంత్రం నాలుగింటికి నీడలోనే 42. ఏసీ వేయకుండా, కిటికీ మూసి, వెదురు తెర దించి చూస్తే గది 35. మార్చిలో బయట 38 ఉన్న రోజే ఈ గది 36 ఉండింది. అద్దం మీద చెయ్యి పెట్టగలుగుతున్నాను. నేల మీద ఎండ మచ్చ లేదు.

ఏసీ ప్లగ్గుకు చిన్న మీటరు పెట్టాను. మార్చి ఆఖరి వారంలో రోజుకు ఏడు యూనిట్ల దాకా తాగేది, ఇప్పుడు ఇంత ఎండల్లోనూ ఐదు దగ్గర తిరుగుతోంది. రెండింటికి వేసేది నాలుగున్నరకు వేస్తున్నాం. గది అదే అయినా రోజులు వేరు, కాబట్టి దీన్ని కచ్చితమైన లెక్కగా చెప్పను. కానీ ఒక సంగతి మాత్రం నమ్మకంగా రాస్తాను. కొత్త అద్దం బిగించాక తెర ఎత్తేసి ఒక రోజు, దించి ఒక రోజు చూశాను. వచ్చిన లాభంలో ఎక్కువ భాగం 2,800 రూపాయల తెరదే. కరెంటు బిల్లు తగ్గించుకోవడానికే అయితే తెర ఒక్కటే కట్టి ఆగిపోవచ్చు. మాది ఒంగిపోయిన కిటికీ కాబట్టి మార్చాం. దుమ్ము, సందు, దోమలు పోయాయి. రాత్రి మూడు రెక్కలూ బార్లా తీస్తే గాలి గది దాటి హాల్లోకి వస్తోంది. ఆ సుఖం ఏ మీటరులోనూ పడదు.

జూన్ 5

రాత్రి గాలివానకు తెర ఎగిరి సన్‌షేడుకు కొట్టుకుంది, ఒక తాడు తెగింది. పొద్దున్నే మేదర పెద్దాయన వచ్చి కట్టాడు. అడుగు బద్దకు రెండు కొక్కేలు పెట్టి గోడలోని రింగులకు తగిలించే ఏర్పాటు చేశాం. గాలి లేస్తే తెరను చుట్టేయడం అమ్మ నేర్చుకుంది. కిటికీలోంచి లోపలికి చుక్క నీరు రాలేదు.

చెన్నైలో ఉండే ఓనరుకు ఫోన్ చేశాను. ఇల్లు కట్టడం ఇప్పట్లో లేదన్నారు. కాంపౌండు గోడకు ఇవతల మూడడుగులు మా స్థలమే ఉంది. అక్కడ పెద్ద చెట్టు పట్టదు, పునాదికీ మంచిది కాదు. పందిరికి పాకించేందుకు రెండు కాకర పాదులు, ఒక సన్నజాజి తీగ నాటాను. సన్నజాజి అమ్మ అడిగింది.

తూర్పు రెక్కల పని మిగిలింది. వడ్రంగి శనివారం వస్తానన్నాడు, రబ్బరు బీడింగ్ పద్దెనిమిది మీటర్లు తెచ్చి పెట్టమన్నాడు.